గడ్డం తొండ పళ్లకు గార పడితే

మా మేనల్లుడికి పాలపన్ను ఊడింది. దాన్ని డాబా మీదికి విసిరేసి వచ్చి, గాజు పెట్టెలో ఉన్న బియర్డెడ్ డ్రాగన్‌ని, అంటే గడ్డం తొండని చూపిస్తూ, "మామయ్యా, దీని పన్ను ఊడినా కొత్తది వస్తుందా?" అని అడిగాడు. పటమటలో మా అక్కవాళ్లింట్లో మూడేళ్లుగా పెరుగుతోంది అది. చాలావరకు రావని చెప్పాను. చెబుతూ దాని నోటికేసి చూస్తే, కింది దవడ పళ్ల మొదట్లో గోధుమరంగు గీత కనిపించింది. మనుషులకైతే గార పట్టిందంటాం.

గోడ మీది బల్లికి పళ్లు దవడ లోపలి అంచుకు ఆనుకుని ఉంటాయి. పాతవి రాలుతుంటే కొత్తవి జీవితమంతా వస్తూనే ఉంటాయి. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఈ బియర్డెడ్ డ్రాగన్‌కి ముందున్న కొన్ని పళ్లు మాత్రమే అలా మారతాయి. మిగతావన్నీ దవడ ఎముక అంచు మీదే అతుక్కుపోయి, ఎముకలో భాగమై ఉంటాయి. మన పళ్లలా అవి దవడలోని గుంటల్లో దిగి ఉండవు. పిల్ల ఎదిగేకొద్దీ దవడ వెనక చివర కొత్త పళ్లు చేరతాయి గానీ, విరిగిన చోట మళ్లీ మొలవవు. మన కంచె మీది తొండదీ ఇదే కుటుంబం, ఇదే పళ్ల తీరు. ఊసరవెల్లి పళ్లు కూడా ఇంతే. తొండ ముదిరి ఊసరవెల్లి కాదు గానీ, పళ్ల విషయంలో మాత్రం అవి చుట్టాలే.

ఆస్ట్రేలియా మెట్ట నేలల్లో ఇది గట్టి పెంకు ఉన్న పురుగుల్ని, మొరటు ఆకుల్ని, పూలని నమిలి బతుకుతుంది. మా ఇంట్లో జరిగింది వేరు. నూజివీడు రసాల కాలమంతా రోజూ ఓ ముక్క, తర్వాత అరటిపండు, ద్రాక్ష. ఇష్టంగా తింటోంది కదా అని ప్రేమతోనే పెట్టాం. ఆ మెత్తని తీపి గుజ్జు పళ్ల మొదట్లో అంటుకుంటుంది. దాని మీద సూక్ష్మజీవులు పెరిగి పాచి అవుతుంది, అది గట్టిపడితే గార. చిగురు ఎర్రబడి, వాచి, వెనక్కి జరుగుతుంది. పన్నూ ఎముకా ఒకటే కాబట్టి, అక్కడినుంచి జబ్బు దవడ ఎముకలోకి పాకడం తేలిక. అందుకే నాకు ఇది పంటి సమస్యలా కాక, ఎముక సమస్యలా కనిపిస్తుంది.

చీము పట్టినా మనకు తెలియకపోవచ్చు. సరీసృపాల చీము కారదు, తెల్లగా పనీర్ ముక్కలా గడ్డకడుతుంది. తిండి ఇరుక్కుందేమో అనుకుంటాం. దవడ మీద గడ్డ తేలడం, తిండి నోట్లోంచి జారిపోవడం, ఒకవైపే నమలడం కూడా గమనించాల్సినవే. దవడ మెత్తబడి వంగుతుంటే అది ఇంకో జబ్బు, కాల్షియం లోపం. కాల్షియం ఒంటికి పట్టాలంటే యూవీబీ అనే అతినీలలోహిత కిరణాలు తగలాలి. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండలో అవి దాదాపు ఉండవు కాబట్టి దానికి ప్రత్యేకమైన లైటు కావాలి.

బెజవాడ ఎండాకాలంలో మేం చేసిన ఇంకో పొరపాటు ఏసీ. ఈ జీవి ఒంటి వేడి చుట్టూ ఉన్న వేడిని బట్టే ఉంటుంది. ఎండ కాచుకునే చోట 40 డిగ్రీల దాకా వేడి దొరకకపోతే దాని రోగనిరోధక శక్తి మందగిస్తుంది, చిన్న పుండు కూడా మానదు. మనకు చల్లగా ఉంటే దానికీ హాయే అనుకున్నాం.

నోరు బలవంతంగా తెరవకండి, దవడకు దెబ్బ తగలొచ్చు. వేడి కాచుకుంటూ అది తనంతట తనే నోరు తెరుస్తుంది. అప్పుడు ఫోన్‌తో ఫొటో తీసి, నెలనెలా పోల్చి చూడండి. గోటితో గార గీకడం వద్దు. డాక్టర్ మత్తు ఇచ్చి శుభ్రం చేయాలి, ఎక్స్‌రే తీసి ఎముక చూడాలి, అవసరమైతే యాంటీబయాటిక్ ఇవ్వాలి. ఇక్కడ గన్నవరంలో పశువైద్య కళాశాల ఉంది. ఎక్కడికి వెళ్లినా, సరీసృపాలకు మత్తు ఇచ్చిన అనుభవం ఉందా అని ముందే ఫోన్‌లో అడగండి.

ఇప్పుడు అక్కవాళ్లు మామిడిపండు పెట్టడం మానేశారు. మునగాకు, ఆవాకు, పెరట్లోని మందార పూలు, కాల్షియం పొడి అద్దిన పురుగులు పెడుతున్నారు. డాక్టర్ శుభ్రం చేశాక ఆ గోధుమరంగు గీత పోయింది. చిగురు వెనక్కి జరిగిన చోట మాత్రం అలాగే ఉంది.