పాత ఫోటోలో ఓడ ఏది? అపోహలు - వాస్తవాలు

సోంపేట, టెక్కలి, గార, పూసపాటిరేగ వైపు ఇళ్ళల్లో తాతల నాటి ట్రంకు పెట్టె తెరిస్తే ఒక్కోసారి ఓడ ఫోటో బయటపడుతుంది. రంగం (బర్మాలోని రంగూన్) వెళ్ళిన మనిషి తెచ్చుకున్నదో, అక్కణ్ణుంచి పంపిందో అయి ఉంటుంది. "మా తాత ఈ ఓడెక్కే రంగం ఎల్లాడు, దీని పేరేటో చెప్పండి బాబూ" అంటూ నా దగ్గరకు తీసుకొస్తారు. కొందరు ఇంటర్నెట్లో వెతికి ఒక పేరు ఖాయం చేసుకునే వస్తారు. ఆ పేరు తప్పైనా సరే, ఫోటో వెనుక పెన్నుతో రాసేశాక తర్వాతి తరానికి అదే నిజమైపోతుంది. అందుకే నేను పేరు జోలికి చివర్లో వెళతాను. ముందు కాలం, ఆ తర్వాత ఓడ రకం, ఆ తర్వాత కంపెనీ. ఇవి తేలకుండా పేరు చెప్పడం ఆ కుటుంబానికి అన్యాయం చేయడమే.

అపోహ: తెరచాపా పొగగొట్టమూ రెండూ ఉన్నాయంటే, పాత తెరచాప ఓడకి తర్వాత ఇంజను బిగించారన్నమాట.

నేను ఎక్కువగా వినేది ఇదే. నిజానికి 19వ శతాబ్దంలో చాలాభాగం సముద్రపు ఓడల్ని రెండింటితోనే కట్టేవారు. అప్పటి బాయిలర్లలో ఆవిరి ఒత్తిడి తక్కువ, బొగ్గు ఖర్చు విపరీతం. 1825లో ఇంగ్లండు నుంచి కలకత్తా వచ్చిన ఎంటర్‌ప్రైజ్ అనే స్టీమరు 113 రోజుల ప్రయాణంలో ఇంజను నడిపింది దాదాపు 60 రోజులే. మిగతాదంతా గాలి మీదే. 1860ల్లో ఒకే ఆవిరిని రెండుసార్లు వాడుకునే కాంపౌండ్ ఇంజను, 1880ల్లో మూడుసార్లు వాడుకునే ట్రిపుల్ ఎక్స్‌పాన్షన్ ఇంజను వచ్చి బొగ్గు బాగా ఆదా అయ్యాకే ఓడల మీద తెరచాపలు తగ్గుతూ వచ్చాయి. నీళ్ళలో తిరిగి ఓడను నెట్టే పంకా ఒకటి పాడైనా రెండోది నడిపించే జంట పంకాల ఓడలు వచ్చాక ఆ అవసరం ఇంకా తగ్గింది.

దీనికి తిరగబడ్డ ఉదాహరణ కూడా ఉంది. 1843లో నీళ్ళలోకి దించిన గ్రేట్ బ్రిటన్ ఇనుముతో కట్టిన స్టీమరు. దానికి మొదట ఆరు కొయ్యలు (తెరచాపలు కట్టే నిలువు స్తంభాలు), తర్వాత ఐదు, నాలుగు, ఆ తర్వాత మూడు. 1880ల్లో ఇంజను తీసేసి దాన్ని పూర్తి తెరచాప ఓడగా మార్చారు. ఒకే ఓడ ఇన్ని రూపాల్లో ఉంటే, కొయ్యలు లెక్కపెట్టి పేరు చెప్పేయడం ఎలా కుదురుతుంది? లెక్క కన్నా ఏ కొయ్యకు అడ్డ కర్రలున్నాయో చూడటం మేలు. మూడు కొయ్యలకూ ఉంటే ఫుల్ రిగ్, వెనుక కొయ్యకు లేకపోతే బార్క్, ముందు కొయ్యకు మాత్రమే ఉంటే బార్కెంటైన్. అది కూడా ఆ ఫోటో తీసిన రోజు సంగతే చెబుతుంది.

అపోహ: గుడ్డ కనిపిస్తోంది కాబట్టి తెరచాప ఎత్తి వెళుతోంది.

రంగం ఓడల ఫోటోల్లో పై డెక్కు పొడవునా కనిపించే తెల్లటి గుడ్డ ఎక్కువసార్లు ఎండకు కట్టిన పందిరి. మనవాళ్ళు డెక్కు టిక్కెట్టు తీసుకుని దాని కిందే కూర్చునేవారు. లంగరు వేసిన ఓడ మీద తెరచాపలు వదులుగా వేలాడుతుంటే వాటిని ఆరబెట్టారని అర్థం. ముందువైపు లంగరు గొలుసు నీళ్ళలోకి దిగి ఉందేమో చూడండి, సందేహం తీరిపోతుంది.

అపోహ: పొగగొట్టం నల్లగా ఉంది, ఫలానా కంపెనీదే.

ఇక్కడ కాస్త ఆగాలి. పాతకాలపు కెమెరాల్లో ఫిల్ముకు బదులు వాడిన గాజు ప్లేట్లకు నీలం రంగు వెలుతురే బాగా పట్టేది. అందుకని ఎరుపు నల్లగా పడేది, నీలం తెల్లబడిపోయేది, పసుపు కూడా ముదురుగా వచ్చేది. అన్ని రంగులకూ స్పందించే ప్యాంక్రోమాటిక్ ప్లేట్లు బజారులోకి వచ్చింది 1906లో. క్యూనార్డ్ కంపెనీది ఎర్రటి గొట్టం, పైన నల్ల అంచు. పాత ఫోటోలో ఆ మొత్తం నల్లటి గొట్టమే అనిపిస్తుంది. కాబట్టి రంగును నమ్మొద్దు, పట్టీలు ఎన్ని, ఎంత వెడల్పు, ఎక్కడున్నాయి అన్నది నమ్మండి.

మన తీరానికి బాగా పనికొచ్చేది బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ గుర్తు: నల్ల గొట్టం మీద రెండు తెల్ల పట్టీలు. 1856లో కలకత్తా-బర్మా మధ్య నడపడానికి పెట్టిన కంపెనీ అది, 1862 నుంచి ఈ పేరు. ఆ మధ్య ఒక ఇంట్లో చూసిన ఫోటోలో భూతద్దం పెడితే గొట్టం మీద రెండు లేత గీతలు, ఓడ నల్లటి ఒంటి చుట్టూ ఒక తెల్ల గీత స్పష్టంగా కనబడ్డాయి. కంపెనీ తేలింది. పేరు మాత్రం తేలలేదు, ఎందుకంటే ఆ కంపెనీకి వందకు పైగా ఓడలు, వాటిలో అక్కాచెల్లెళ్ళలా ఒకే నమూనాలో కట్టినవి బోలెడు. అలాంటప్పుడు గాలిగొట్టాలు ఎక్కడున్నాయి, పక్కన వేలాడే చిన్న పడవలు ఎన్ని, కిటికీల వరుస ఎక్కడ తెగింది అని ఒక్కొక్కటీ పోల్చాలి. "బ్రిటిష్ ఇండియా కంపెనీ ఓడ, పేరు తేలలేదు" అని వెనుక రాసి ఇచ్చాను. ఆ ఇంటివాళ్ళు కాస్త చిన్నబుచ్చుకున్నారు గానీ, అంతవరకూ అది నిజం.

అపోహ: ఓడ పక్కన చదరపు గుమ్మాల వరుస ఉంటే యుద్ధనౌక.

అవి ఫిరంగి గుమ్మాలే కానక్కర్లేదు. సరుకుల ఓడలకు కూడా ఉత్తుత్తిగా నల్లా తెల్లా చదరాలు రంగుతో వేసేవారు.

అపోహ: "కలింగపట్నం రేవు" అని రాసి ఉంది కదా, ఇంకేం సందేహం?

ఆ ఫోటోలో పెద్ద స్టీమరు రేవుగోడకు ఆనుకుని, నిచ్చెన దించి ఉంటే అది కలింగపట్నం కాదు. బారువా కాదు, భీమిలీ కాదు. అప్పట్లో మన రేవులన్నీ బహిరంగ సముద్రపు రేవులు. స్టీమరు దూరంగా లంగరు వేస్తే, మనుషుల్నీ మూటల్నీ అలల మీదుగా మసూలా పడవల్లో చేర్చేవారు. మేకు అన్నది లేకుండా పలకల్ని కొబ్బరితాడుతో కుట్టిన పడవలవి. ఫోటోలో అవి కనబడితే మన తీరమనే నమ్మకం పెరుగుతుంది. ఎక్కువసేపు వెలుతురు పట్టాల్సిన పాత ప్లేటు మీద కదిలే పడవలు మసకగా పడతాయి, వాటిని మరకలనుకోకండి. విశాఖలో పెద్ద ఓడలు లోపలికి వచ్చింది కూడా 1933లో హార్బరు తెరిచాకే. మొదట వచ్చింది జలదుర్గ. "విశాఖ, 1910" అని కింద రాసి, ఓడ గోడకు కట్టేసి ఉంటే తేదీనో ఊరినో అనుమానించాల్సిందే.

పాత ఆల్బముల్లో మన ఊళ్ళు గంజాం జిల్లా కింద ఉంటాయి. 1936కు ముందు శ్రీకాకుళం అందులోనిదే, విడిగా జిల్లా అయింది 1950లో. శ్రీకాకుళం అని మాత్రమే వెతికితే సగం ఫోటోలు దొరకవు. చికాకోల్ (శ్రీకాకుళానికి ఇంగ్లీషువాళ్ళ పేరు) అని, గంజాం అని కూడా వెతకండి.

అపోహ: ఓడ ముక్కు మీద పేరు చదివేస్తే పని అయిపోయినట్టే.

ఒకే పేరుతో ఒకదాని తర్వాత ఒకటి ఎన్నో ఓడలు తిరిగాయి. అమ్ముడుపోయిన ఓడకు పేరే మారేది. మారనిది అధికారిక సంఖ్య. 1854 చట్టం నుంచి బ్రిటిష్ ఓడలకు ఇచ్చిన ఈ అంకెను లోపలి దూలం మీద చెక్కేవారు. ఫోటోలో అది కనబడదు కానీ, రిజిస్టర్లలో ఒకే పేరున్న రెండు ఓడల్ని విడదీసేది అదే. ఫోటోలో కనబడే గొప్ప ఆధారం ఇంకొకటుంది: తాడుకు ఒకదాని కింద ఒకటిగా నాలుగు జెండాలు. 1857 నాటి ఓడల జెండా సంకేతాల పుస్తకం ప్రకారం ఆ నాలుగు అక్షరాలు ఆ ఓడ సొంత గుర్తు కావచ్చు. అందులో 18 హల్లులే ఉండేవి, అచ్చులు లేవు. రంగులు దగా చేస్తాయి కాబట్టి జెండా మీది అడ్డగీత, నిలువుగీత, చతురస్రం చూసి చదవాలి. ఓడ పక్కన గుండ్రటి చక్రం, దాన్ని కోస్తూ గీత కనిపిస్తే అది సరుకు హద్దు గుర్తు, అంటే సరుకు నింపితే ఓడ ఎంతవరకు మునగవచ్చో చెప్పేది. బ్రిటిష్ ఓడ మీద అది ఉందంటే 1876 తర్వాతి ఫోటో అనుకోవచ్చు.

అపోహ: పోస్టుకార్డు మీద ముద్ర 1912, కాబట్టి ఓడ అప్పటిది.

అమ్మకం ఉన్నన్నాళ్ళు అదే బొమ్మను మళ్ళీ మళ్ళీ అచ్చు వేసేవారు. ముద్ర తేదీ కన్నా ఫోటో కొత్తది కాదు, అంతవరకే చెప్పగలం.

చివరగా, ఫోటో పంపేవాళ్ళకు. సెల్‌ఫోన్లో తీసి వాట్సాప్‌లో పంపితే జెండాల గీతలు, గొట్టం పట్టీలు చెరిగిపోతాయి. 1200 డీపీఐలో స్కాన్ చేయించండి, అంచులు కత్తిరించకండి, వెనుకవైపు కూడా స్కాన్ చేయించండి. పేరో ఇంగ్లీషు రాతో తిరగబడి కనిపిస్తే నెగటివ్‌ను తలకిందులు కాదు, ఎడమ కుడి మార్చి అచ్చేశారన్నమాట. ఆ సంగతి ముందే చెప్పండి. ఇంట్లో ఎవరు, ఏ ఏడు, ఏ రేవులో ఎక్కారో గుర్తున్నంత వరకు ఒక కాగితం మీద రాసి జతచేయండి.