కొలిమి మండుతోంది, యార్డు ఖాళీ

గాజువాక నుంచి ఒక తల్లి అడిగారు: "మా అమ్మాయి పదో తరగతి. ఎప్పుడూ నీరసమంటుంది. హిమోగ్లోబిన్ 12.2 ఉంది, రక్తహీనత లేదన్నారు. ఫెరిటిన్ మాత్రం 9 ఉందని ఐరన్ మాత్రలు రాశారు, అదీ రోజు విడిచి రోజు. రక్తం సరిపడా ఉంటే మాత్రలెందుకు?"

గాజువాక వారికి దీన్ని చెప్పడం తేలిక, ఉక్కు కర్మాగారం పక్కనే ఉంది. బైలదిల్లా కొండల ఖనిజం వ్యాగన్లలో దిగివస్తుంది, యార్డులో గుట్టలు పడుతుంది, తర్వాత కొలిమికి చేరుతుంది. ఒంట్లో కొలిమి ఎముక మజ్జ, ఉక్కు హిమోగ్లోబిన్. సరుకు రావడం తగ్గిన మర్నాడే కొలిమి చల్లారదు. యార్డును ఊడ్చుకుని కొన్నాళ్లు నడుస్తుంది. హిమోగ్లోబిన్ 12కి పైన ఉందంటే కొలిమి ఇంకా మండుతోందని మాత్రమే అర్థం.

యార్డు పేరు ఫెరిటిన్. 24 ముక్కలతో కట్టిన బోలు బంతి లాంటి ప్రోటీన్ ఇది. ఒక్కో బంతిలో 4,500 దాకా ఇనుము పరమాణువులు పడతాయి. దీని చోటు కణాల లోపల. నిల్వను బట్టి కాస్త రక్తంలోకి వస్తుంది, ల్యాబులో కొలిచేది ఆ కాస్తనే. మిల్లీలీటరుకు 15 నానోగ్రాముల లోపుంటే నిల్వ అడుగంటిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మీ అమ్మాయిది 9.

వ్యాగన్ పేరు ట్రాన్స్‌ఫెరిన్. దానికి రెండే సీట్లు, రెండు ఇనుము పరమాణువులకు. మామూలుగా సీట్లలో మూడో వంతు నిండి ఉంటాయి. కొరత వస్తే కాలేయం మరిన్ని వ్యాగన్లు వదులుతుంది. సరుకు లేదు కనుక అవి ఖాళీగా తిరుగుతాయి, నిండిన సీట్లు 16 శాతం లోపుకు పడిపోతాయి. ఆకలిగొన్న మజ్జ కణాలు సరుకు దింపుకునే చేతులను, అంటే గ్రాహకాలను, పెంచుకుంటాయి. వాటి నుంచి తెగిన ముక్కలు కూడా రక్తంలో కొలతకు దొరుకుతాయి.

ఇక్కడో తిరకాసు. తుఫాను హెచ్చరిక వస్తే రేవులో సరుకు కదలదు. గుట్టలు చూసి వ్యాపారం బాగుందనుకుంటే పొరపాటే. జ్వరం, ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు ఫెరిటిన్ కూడా అలాగే పెరిగి కనిపిస్తుంది. సూక్ష్మజీవులకు ఇనుము చిక్కకుండా ఒళ్లు దాన్ని లోపల పెట్టి తాళం వేస్తుంది. అందుకే అప్పుడు 15 బదులు 70ని గీతగా తీసుకుంటారు, పక్కనే ఒంట్లో ఇన్‌ఫెక్షన్, వాపు ఉందేమో చెప్పే సీఆర్‌పీ అనే రక్త పరీక్ష కూడా చూస్తారు.

నా పోలిక ఒకచోట చతికిలబడుతుంది. మజ్జకు రోజూ కావలసిన 20-25 మిల్లీగ్రాముల ఇనుములో పేగు నుంచి వచ్చేది ఒకటి రెండే. మిగతాదంతా 120 రోజులు బతికి రాలిన ఎర్రకణాల తుక్కు. నెలనెలా రక్తం పోతూ, ఒళ్లు ఎదుగుతున్న పిల్లకు తుక్కు చాలదు.

బలపాలు, పచ్చి బియ్యం నమిలే పిల్లలను "కడుపులో పురుగులు" అని తిడతాం. ఇనుము లోటు కూడా అలా తినిపిస్తుంది. నులిపురుగుల్లో కొంకిపురుగు నిజంగానే రక్తం తాగుతుంది కాబట్టి ఆ తిట్టు సగం సరైనదే. రక్తం పడుతుందని తినిపించే బీట్‌రూట్ ఎరుపుకు మాత్రం రక్తంతో చుట్టరికం లేదు.

ఇక రోజు విడిచి రోజు సంగతి. తాళం వేసేది హెప్సిడిన్, కాలేయం చేసే 25 అమైనో ఆమ్లాల బుల్లి హార్మోను. మాత్ర పడగానే అది పెరిగి, దాదాపు ఒక రోజు పాటు పేగు గేటును బిగిస్తుంది. మర్నాడు వేసిన మాత్రలో ఎక్కువ భాగం గేటు బయటే మిగిలి కడుపును ఇబ్బంది పెడుతుంది. ఒక రోజు ఆగితే గేటు సడలుతుంది. నిమ్మరసంతో వేయండి, ఆ పూట టీ ఇవ్వకండి. హిమోగ్లోబిన్ బాగానే ఉందని మధ్యలో ఆపకండి, మాత్రలు నింపుతున్నది యార్డును.