పై పెదవి వెంట్రుకలకు లేజర్: ముందు ఏం అడగాలి?

వైజాగ్‌లో సిరిపురం, ద్వారకానగర్ వైపు స్కిన్ క్లినిక్ బోర్డులకు కొదవ లేదు. వెళ్లినవాళ్లు ముందు అడిగేది ‘సిట్టింగ్‌కి ఎంత?’ అనే. నన్నడిగితే, ముందు అడగాల్సింది ‘మీ దగ్గరున్నది ఏ లేజర్?’ అని.

కారణం మన రంగే. లేజర్ కాంతిని పీల్చుకునేది వెంట్రుకలోని మెలనిన్. ఆ వేడికి కుదురు దెబ్బతింటుంది. 1983లో అమెరికా పరిశోధకులు ఆండర్సన్, పారిష్ చెప్పిన సూత్రం ఇదే. కానీ చామనఛాయ చర్మంలోనూ ఆ మెలనినే ఉంటుంది కదా! 755 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉండే అలెగ్జాండ్రైట్ లేజర్ కాంతిని మన చర్మమూ బాగానే తాగేస్తుంది. కాలిన మచ్చలు, నల్ల మరకలు వచ్చేది అందుకే. 1064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్ లేజర్ కాంతిని పైచర్మం తక్కువ పీలుస్తుంది, అది లోతుకు దిగుతుంది. ముదురు రంగుకు అదే క్షేమం. డయోడ్ లేజర్ మధ్యరకం, చేయి తిరిగిన డాక్టరైతే పర్వాలేదు.

కళ్లకు అడ్డు పెట్టి మొదలుపెడతారు. ఒక్కో షాట్‌కి రబ్బరు బ్యాండు లాగి వదిలినట్టు చురుక్కుమంటుంది. పై పెదవి దగ్గరైతే కళ్లలో నీళ్లు తిరుగుతాయి. కాలిన వెంట్రుకల వాసన వస్తే టెన్షన్ పడొద్దు. కుదుళ్ల చుట్టూ ఎర్రగా ఉబ్బితే పని జరిగినట్టే, ఒకట్రెండు రోజుల్లో తగ్గుతుంది. నీటి పొక్కులు లేస్తే మాత్రం వెంటనే డాక్టర్‌కి చూపించాలి. తర్వాతి రెండు వారాల్లో చచ్చిన వెంట్రుకలు బయటికి తోసుకొచ్చి రాలిపోతాయి. అవి మళ్లీ మొలుస్తున్నాయనుకుని కంగారుపడేవాళ్లే ఎక్కువ.

ఎదిగే దశలో ఉన్న కుదుళ్లే లేజర్‌కి లొంగుతాయి, అన్నీ ఒకేసారి ఆ దశలో ఉండవు. అందుకే 4 నుంచి 6 వారాల ఎడంతో ఆరేడు సిట్టింగ్‌లైనా పడతాయి. ఈలోగా థ్రెడింగ్ వద్దు, వేడి పట్టాల్సిన వెంట్రుకే ఊడిపోతుంది. రేజర్ వాడొచ్చు. గీస్తే ఒత్తుగా వస్తాయన్నది ఉత్త మాట. బీచ్ రోడ్డు ఎండకు మాత్రం దూరంగా ఉండాలి, నల్లబడిన చర్మం మీద షాట్ కొడితే కాలే ప్రమాదం పెరుగుతుంది.

పీసీఓఎస్ (ఆడవాళ్లలో అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య) ఉంటే హార్మోన్లు కొత్త కుదుళ్లను లేపుతూనే ఉంటాయి, మందులూ వాడాలి. కొందరికి లేజర్ తగిలిన చుట్టుపక్కల నూగే ముదిరి ఒత్తుగా వస్తుంది. దవడ, మెడ దగ్గర, మన దక్షిణాసియా ఆడవాళ్లలో ఇది కాస్త ఎక్కువ. బోర్డు మీద ఈ సంగతి రాయరు.

గడ్డం కింద తెల్ల వెంట్రుకలున్న పెద్దవాళ్లకు లేజర్ డబ్బు దండగ. పీల్చుకోవడానికి మెలనిన్ ఉండాలిగా! ఒక్కో కుదురులోకీ సన్నటి సూదితో కరెంటు పంపే ఎలక్ట్రాలిసిస్ వాళ్లకు పనికొస్తుంది, కాకపోతే ఓపిక కావాలి.