గుర్రం కాలి నుంచి మన మడమ దాకా

మడమకు కాస్త పైన, వెనక వైపు రెండు వేళ్లతో పట్టుకుంటే గట్టి తాడులా తగులుతుంది. ఇళ్లలో దాన్ని నరం అనేస్తాం. నిజానికి అది పిక్క కండను మడమ ఎముకకు కట్టి ఉంచే టెండన్. షటిల్ ఆడే మా తమ్ముడికి ఏడాదిగా అక్కడే నొప్పి. హైదరాబాద్‌లో ఒక క్లినిక్‌కి వెళ్తే, స్టెమ్ సెల్ (వేరే కణాలుగా మారగల మూలకణాల) ఇంజెక్షన్‌తో కొత్తదానిలా అయిపోతుందన్నారు. ఇంట్లో అందరికీ ఆశ, దాంతోపాటే టెన్షన్. ఆ మాట ఎక్కడ పుట్టిందా అని వెతికితే గుర్రాల దగ్గర తేలింది.

టెండన్‌కి రక్తప్రసరణ తక్కువ. తెగితే అతుక్కుంటుంది గానీ పోగులు మునుపటి వరుసలో రావు, మచ్చ కడుతుంది. మలక్‌పేట రేసుల్లోనైనా ఇంగ్లండ్‌లోనైనా పందెపు గుర్రాలకు ఇదే బెడద: మానిన చోటే మళ్లీ తెగుతుంది. 2003లో లండన్ రాయల్ వెటర్నరీ కాలేజీకి చెందిన రోజర్ స్మిత్ బృందం ఓ పోనీ (పొట్టి గుర్రం) ఎముక మజ్జలోని మూలకణాలనే పెంచి, దాని గాయంలోకి ఎక్కించిన సంగతి ప్రకటించింది. 2012 నాటికి 113 పందెపు గుర్రాల లెక్క వచ్చింది. మళ్లీ గాయపడినవి 27 శాతమే. పాత పద్ధతుల్లో ఇది సగం దాటేది.

అయితే గుర్రం టెండన్ మధ్యలో చిరిగి గుంటలా అవుతుంది, ఎక్కించిన కణాలు అందులో నిలుస్తాయి. ఏళ్లుగా అరిగి నొప్పెట్టే మన మడమలో చాలాసార్లు అలాంటి గుంటే ఉండదు. ఈ తేడా మా తమ్ముడికి ఎవరూ చెప్పలేదు.

మనుషుల్లో ఆశ పుట్టించింది తెగిన భుజం టెండన్‌కి చేసిన చికిత్స. ఫ్రాన్స్‌లో ఎర్నిగూ బృందం ఆపరేషన్‌తోపాటు మజ్జ కణాలు ఎక్కించిన 45 మందిలో పదేళ్ల తర్వాత 87 శాతానికి అతుకు నిలిచింది. ఎక్కించనివాళ్లలో 44 శాతమే. కానీ అది చీటీ తీసినట్టు రోగులను పంచి చేసిన పరీక్ష కాదు. పైగా 1991లో వీటికి మీసెంకైమల్ స్టెమ్ సెల్స్ అని పేరు పెట్టిన ఆర్నాల్డ్ కాప్లానే, ఇవి కొత్త కణజాలంగా మారడం కన్నా చుట్టుపక్కల కణాలకు సంకేతాలివ్వడమే ఎక్కువని, 2017లో ఆ పేరు మార్చమన్నాడు.

అదే ఏడాది భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మార్గదర్శకాలు కూడా రక్తానికి సంబంధించిన వ్యాధులకు చేసే మజ్జ మార్పిడి లాంటివి తప్ప మిగతా స్టెమ్ సెల్ చికిత్సలన్నీ ప్రయోగ దశేనని తేల్చాయి. ప్రయోగమైతే రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. మన ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి 2001 నుంచి కంటి అంచులోని మూలకణాలతో చూపు తెప్పిస్తోందంటే, అక్కడ పోయిన కణాలేవో, పెట్టేవేవో స్పష్టంగా తెలుసు. మడమకు ఆ స్పష్టత ఇంకా రాలేదు.

తమ్ముడు ఇంజెక్షన్ వద్దనుకున్నాడు. 1998లో స్వీడన్‌లో ఆల్ఫ్రెడ్‌సన్ చూపించిన వ్యాయామం మొదలుపెట్టాడు. మెట్టు అంచున ముంగాళ్ల మీద నిలబడి, రోజుకు 180 సార్లు మడమను మెల్లగా కిందికి దించుతున్నాడు. ఇది మూడో వారం.