మార్కుల పట్టిక తప్పిన నాలుగేళ్లు

1979లో అమెరికా ఆర్మీలో చేరినవారిలో నాలుగో కేటగిరీ వాళ్లు 9 శాతమే అని లెక్కల్లో ఉంది. ప్రవేశ పరీక్షలో పాసైనవాళ్లలో అట్టడుగున ఉండేది ఈ కేటగిరీయే. మరుసటి ఏడాది లెక్క సరిచేసి చూస్తే అది 46 శాతమని తేలింది.

మనుషుల్ని పరీక్షపెట్టి విడదీయడం అక్కడ 1917లో మొదలైంది. మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ యర్క్స్ బృందం సుమారు 17 లక్షల మందిని పరీక్షించింది. చదువొచ్చినవాళ్లకు ఆల్ఫా అనే రాతపరీక్ష, చదవడం రానివాళ్లకు, ఇంగ్లీషు తెలియనివాళ్లకు బీటా అనే బొమ్మల పరీక్ష. ఆ బొమ్మల్లో ఒకటి నెట్ లేని టెన్నిస్ కోర్టు. ఏం లేదో గీసి చూపాలి. టెన్నిస్ ఎప్పుడూ చూడని వలస కూలీ ఏం గీయగలడు? అతని తెలివిని కాక, అతను పెరిగిన చోటును కొలిచారు. అది అన్యాయమే.

1966లో రక్షణ మంత్రి మెక్‌నమారా ప్రమాణాలు తగ్గించి, అంతకుముందు తీసుకోని 3 లక్షలకు పైగా మందిని వియత్నాం యుద్ధకాలంలో చేర్పించారు. 1973లో నిర్బంధ సైనిక సేవ ఆగాక, స్వచ్ఛందంగా వచ్చేవాళ్లలోంచే ఎంచుకోవాల్సి వచ్చింది. దాంతో ఆస్వాబ్ అనే సైనిక ప్రవేశ పరీక్షకు బరువు పెరిగింది.

ఇందులో వచ్చిన మార్కును 1944 నాటి సైనికుల స్థాయితో పోల్చి, నూరుగురిలో ఎక్కడుంటాడో చెప్పేవారు. 1976లో కొత్త ప్రశ్నపత్రాలకు ఆ పోలిక పట్టికను తప్పుగా తయారుచేశారు. తక్కువ మార్కులన్నీ పైకి జరిగాయి. ఆ తప్పుడు పట్టికే 1980 దాకా నడిచింది. చేరిన కుర్రాళ్ల తప్పు ఇందులో ఏమీ లేదు.

అదే 1980లో ఆర్మీ అధిపతి జనరల్ ఎడ్వర్డ్ మేయర్ తమది 'బోలు సైన్యం' అని చట్టసభ ముందు చెప్పారు. యూనిట్లలో మనుషులు చాలక ఆయన పడుతున్న ఆందోళన అది. పట్టిక తప్పు కూడా బయటపడేసరికి సభ్యులు అసలు ప్రశ్న వేశారు: ఈ మార్కుకూ, చేసే పనికీ సంబంధం ఉందా?

అప్పటిదాకా మార్కుల్ని ఎక్కువగా శిక్షణ తరగతుల ఫలితాలతోనే పోల్చేవారు. 1980ల్లో మాత్రం సైనికుల చేత వాళ్ల పనే చేయించి చూశారు. మెకానిక్ చేత బండి బాగుచేయించి, అడుగడుగునా సరిగ్గా చేశాడో లేదో రాసుకున్నారు. మార్కు ఎక్కువున్నవాళ్లు మొత్తమ్మీద మెరుగ్గా చేశారు. కానీ ఒక్కొక్క మనిషి విషయంలో మార్కు చెప్పగలిగింది కొంతే. ఏళ్లు గడిచేకొద్దీ అన్ని కేటగిరీల వాళ్ల చెయ్యీ తిరిగింది.