గుండె నాళంలో రేడియేషన్: మిల్లీమీటర్ల దగ్గర తేలిన లెక్క

పూడిన గుండె నాళాన్ని బెలూన్‌తో తెరవొచ్చని 1977లో జ్యూరిక్‌లో ఆండ్రియాస్ గ్రూంట్జిగ్ చేసి చూపించాడు. చిక్కల్లా, అలా తెరిచిన నాళాల్లో సుమారు మూడో వంతు నెలల్లోనే మళ్లీ పూడుకుపోయేవి. 1986లో నాళాన్ని లోపలి నుంచి తెరిచి ఉంచే లోహపు జాలీ గొట్టాలు, అంటే స్టెంట్లు, వచ్చాక నాళం ముడుచుకుపోవడం తగ్గింది. కానీ గాయపడిన గోడ మానే క్రమంలో కండర కణాలు స్టెంట్ కమ్మీల సందుల్లోంచి లోపలికి పెరగడం ఆగలేదు. చర్మంపై గాయం మానాక ఉబ్బెత్తుగా పెరిగే కీలాయిడ్ మచ్చలు మళ్లీ లేవకుండా రేడియేషన్ ఇవ్వడం అప్పటికే పాత వైద్యం. దాన్నే నాళంలోకి తీసుకెళ్లారు.

1997లో వెలువడ్డ కాలిఫోర్నియా స్క్రిప్స్ పరీక్షలో రోగులు 55 మందే. నాళంలో కాసేపు ఇరిడియం-192 అనే గామా కిరణాల మూలం పెట్టినవారిలో మళ్లీ పూడిక 17 శాతం, పెట్టనివారిలో 54 శాతం. 2000 నవంబరులో అమెరికా మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ రెండు పరికరాలకు అనుమతిచ్చింది: కార్డిస్ వారి ఇరిడియం తీగ, నోవోస్టి వారి స్ట్రాన్షియం-90 గింజల వరస.

గామా లోతుకు పోతుంది, అదే దాని ఇబ్బంది కూడా. ఈ చికిత్స చేసే గది, క్యాథ్‌ల్యాబ్, గోడల్లోని సీసం ఎక్స్‌రేలకు సరిపోతుంది గానీ ఇరిడియంను ఆపలేదు. మూలం లోపలున్న 20 నిమిషాలూ సిబ్బంది బయటే ఉండాలి. అర్ధాయువు, అంటే రేడియేషన్ సగానికి తగ్గే కాలం, 74 రోజులు కాబట్టి మూలం పాతబడేకొద్దీ ఆ సమయం ఇంకా పెరుగుతుంది. స్ట్రాన్షియం అర్ధాయువు దాదాపు 29 ఏళ్లు. దాన్నుంచి పుట్టే ఇట్రియం-90 బీటా కణాలే అసలు పని చేస్తాయి. సిరంజితో స్టెరైల్ నీటిని తోస్తే గింజలు నాళంలోకి పంపిన సన్నని గొట్టం, క్యాథెటర్, కొసకు చేరతాయి, మూడు నుంచి ఐదు నిమిషాల్లో అదే నీటి ఒత్తిడితో వెనక్కి వస్తాయి. బీటాకు ముందు అడ్డుపెట్టేది సీసం కాదు, మందపాటి యాక్రిలిక్. నేరుగా సీసానికి తగిలితే బీటా కణాలు కొత్తగా ఎక్స్‌రేలు పుట్టిస్తాయి.

మోతాదును మూలం మధ్య నుంచి 2 మి.మీ. దూరంలో లెక్కిస్తారు. బీటా పరికరంలో నాళం వ్యాసాన్ని బట్టి అది 18.4 లేదా 23 గ్రే (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలత). అయితే 3 మి.మీ. నాళంలో క్యాథెటర్ అర మిల్లీమీటరు పక్కకు జరిగితే ఒక గోడ 1 మి.మీ. దూరంలో, ఎదుటి గోడ 2 మి.మీ. దూరంలో పడతాయి. పొడవాటి మూలానికి దూరం లెక్క ఒక్కటే చూసినా దగ్గరి గోడకు రెట్టింపు మోతాదు. బీటాను కణజాలం కూడా మింగేస్తుంది కాబట్టి తేడా ఇంకా ఎక్కువ. ఆపై స్టెంట్ లోహం, సున్నపు గట్టి పూడిక తమ వాటా తీసుకుంటాయి. లెక్క మాత్రం మూలం చుట్టూ ఉన్నదంతా నీరే అన్నట్టు వేస్తారు.

పొడవు దగ్గర జరిగే తప్పు ఇంకా మామూలు. మూలం కొసన మోతాదు మధ్యలో ఉన్నదాంట్లో సగమే. బెలూన్ గాయం 22 మి.మీ. ఉంటే అటూ ఇటూ 5 మి.మీ. కలుపుకొని 32 కావాలి. అక్కడ 12 గింజల 30 మి.మీ. వరస చాలదు, 40 మి.మీ.ది వాడాలి. 30తోనే సరిపెట్టుకుంటే గాయమై, రేడియేషన్ అరకొరగా తగిలిన అంచులే పూడతాయి. తొలి రోజుల్లో చాలా వైఫల్యాలను రేడియేషన్ పనిచేయకపోవడం కింద జమకట్టారు గానీ, వాటిలో కొన్ని పెట్టాల్సిన చోట పెట్టకపోవడమే.

ఇంకో దెబ్బ ఆలస్యంగా బయటపడింది. రేడియేషన్ కండర కణాలతో పాటు నాళపు లోపలి పొర మానడాన్నీ ఆపుతుంది. అదే పూట కొత్త స్టెంట్ వేస్తే లోహం నెలల తరబడి రక్తానికి బట్టబయలై, గడ్డ కట్టేది. అందుకే కొత్త స్టెంట్ వీలైనంత మానేసి, రక్తం గడ్డకట్టకుండా చూసే మందు క్లోపిడోగ్రెల్‌ను ఆరు నెలలు, ఏడాది దాకా పొడిగించారు.

ఇవన్నీ ఒక దారికి వచ్చేసరికి కణాల పెరుగుదలను ఆపే మందు పూసిన స్టెంట్ వచ్చేసింది. 2003లో అమెరికాలో అనుమతి పొందిన మొదటిది సైఫర్. దాన్ని తయారుచేసింది ఇరిడియం తీగ అమ్మిన కార్డిస్సే! సైఫర్‌కు రేడియేషన్ వైద్యుడు, ఫిజిసిస్టు, మూలాల లైసెన్సు అక్కర్లేదు. 2006లో రేడియేషన్‌తో పోల్చి చూసిన రెండు పరీక్షల్లోనూ మందు స్టెంట్లదే పైచేయి.

అయినా పద్ధతి పూర్తిగా పోలేదు. మందు స్టెంట్ లోపల మరో స్టెంట్, దాని లోపల ఇంకొకటి వేసినా పూడిపోయే నాళాల్లో నాలుగో పొర లోహానికి చోటుండదు. అలాంటివారికి అమెరికాలో కొన్ని కేంద్రాలు ఇప్పటికీ బీటా గింజలే వాడుతున్నాయి. 2024లో అక్కడ గుండె నాళాల గోడకు మందు పూసే బెలూన్‌కు అనుమతి వచ్చాక ఆ అవసరమూ తగ్గొచ్చు. మూడు పొరల లోహం దాటి గోడకు చేరే బీటా ఎంతన్నది మాత్రం ఒక్కో రోగికీ విడిగా చూసుకోవాల్సిందే.