పైడిభీమవరం బస్సెక్కే ముందు: ఉద్యోగాన్వేషణలో అపోహలు - వాస్తవాలు

విజయనగరంలో ఉద్యోగార్థులకు మార్గదర్శనం చేసే పనిలో నేను పన్నెండేళ్లుగా ఉన్నాను. రాజాం, బొబ్బిలి, చీపురుపల్లి, ఎచ్చెర్ల ప్రాంతాల నుంచి వచ్చే పిల్లల్లో తెలివి లేనివారు నాకు అరుదుగానే తారసపడ్డారు. కానీ ఉద్యోగం ఎవరో ఇప్పించేదే తప్ప తాము వెతుక్కునేది కాదన్న నమ్మకం మాత్రం చాలామందిలో పాతుకుపోయి ఉంది. కింద చెప్పే అపోహల్లో ఎక్కువ భాగం అక్కడి నుంచే పుట్టాయి.

అపోహ: "ఏ పనైనా చేస్తాను" అంటే త్వరగా ఉద్యోగం దొరుకుతుంది.

వాస్తవం: ఇంటర్వ్యూలో ఈ మాట వినయంగా వినిపించదు, ఆ కంపెనీలో ఏ పని ఉంటుందో అభ్యర్థి తెలుసుకోకుండా వచ్చాడని చెబుతుంది. రణస్థలం మండలం పైడిభీమవరంలోని ఫార్మా కంపెనీలకు మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల నుంచి బీఎస్సీ కెమిస్ట్రీ చదివినవారు పెద్దసంఖ్యలో వెళ్తుంటారు. అక్కడ ప్రొడక్షన్ విభాగంలో పని అంటే రియాక్టర్ల దగ్గర మూడు షిఫ్టుల్లో నిలబడి, ఉష్ణోగ్రతలను, పీడనాన్ని గమనిస్తూ, ప్రతి దశనూ బ్యాచ్ రికార్డులో నమోదు చేయడం. క్యూసీ (క్వాలిటీ కంట్రోల్) అంటే ప్రయోగశాలలో నమూనాలను పరీక్షించడం. ఈ తేడా తెలిసినవాడికి తాను దేనికి తగినవాడో చెప్పుకోవడం వస్తుంది. టైట్రేషన్ (ద్రావణం గాఢతను కనుక్కునే ప్రయోగం) చేసేటప్పుడు అంతిమ బిందువును ఎలా గుర్తిస్తారో, గాఢతను చెప్పే కొలమానాలైన నార్మాలిటీకి మొలారిటీకి తేడా ఏమిటో రెండు వాక్యాల్లో తెలుగులోనైనా తడబడకుండా చెప్పగలిగినవారు, ఇంగ్లీషులో స్వీయపరిచయాన్ని కంఠతా పట్టి వచ్చినవారికంటే ముందుకు వెళ్లడం నేను చాలాసార్లు చూశాను.

అపోహ: రెజ్యూమే నెట్ సెంటర్ వారు చూసుకుంటారు.

వాస్తవం: ఈ ఒక్క నిర్లక్ష్యం వల్ల పోయినన్ని అవకాశాలు ఇంగ్లీషు రాకపోవడం వల్ల కూడా పోలేదని నా అభిప్రాయం. గరివిడి వైపు నుంచి వచ్చిన ఒక ఐటీఐ ఫిట్టర్ కుర్రవాడు ఆరు చోట్ల దరఖాస్తు చేసినా ఒక్కరూ పిలవలేదని బాధపడ్డాడు. రెజ్యూమే తీసి చూస్తే అందులో ఉన్న ఫోన్ నంబరు వాళ్ల నాన్న ఎప్పుడో మానేసిన సిమ్‌ది. మెయిల్ ఐడీని నెట్ సెంటర్ యజమాని తయారుచేశాడు, పాస్‌వర్డు ఈ అబ్బాయికి తెలియదు, దాన్ని మార్చుకోవడానికి కావలసిన ఓటీపీ కూడా ఆ యజమాని ఫోన్‌కే వెళ్తోంది. అబ్బాయిని అక్కడికే పంపి ఓటీపీ చెప్పించుకుని మెయిల్ తెరిచేసరికి, పదకొండు రోజుల క్రితమే జరిగిపోయిన ఒక ఇంటర్వ్యూకు పిలుపు అందులో కనిపించింది. అదే రెజ్యూమేలో "లక్ష్యం" కింద ఉన్న నాలుగు పంక్తుల ఇంగ్లీషుకు అర్థం అడిగితే అతను మౌనంగా ఉండిపోయాడు. ఆ పంక్తులు తీసేసి, వర్క్‌షాపులో అతను నిజంగా వాడిన పరికరాలు, వెర్నియర్ కాలిపర్‌తో కొలతలు తీయడం, లేత్ యంత్రం మీద తయారుచేసిన భాగాలు రాయించాం.

అపోహ: ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజ్‌లో పేరు నమోదైతే వరుస ప్రకారం పిలుపు వస్తుంది.

వాస్తవం: ఈ నమ్మకం ఇప్పటి పిల్లలకంటే వాళ్ల తండ్రుల్లో ఎక్కువ. 1959 నాటి చట్టం ఖాళీల వివరాలు ఎక్స్ఛేంజ్‌కు తెలియజేయాలని సంస్థలను ఆదేశించిందే తప్ప, అక్కడి నుంచే మనుషులను తీసుకోవాలని నిర్బంధించలేదు. కృష్ణా జిల్లా ఎక్సైజ్ శాఖ నియామకాల కేసులో సుప్రీంకోర్టు 1996లో, ఎక్స్ఛేంజ్ పంపిన పేర్లకే పరిమితం కాకుండా పత్రికా ప్రకటన కూడా ఇచ్చి, దరఖాస్తు చేసిన వారందరినీ పరిశీలించాలని చెప్పింది. ఎక్స్ఛేంజ్ కార్డు ఉండనివ్వండి, దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు. కేంద్ర ప్రభుత్వం 2015లో ప్రారంభించిన నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్‌లోనూ ఉచితంగా నమోదు చేసుకోవచ్చు.

అపోహ: తెలిసినవాళ్లు లేనిదే ఉద్యోగం రాదు.

ఇందులో సగం నిజం ఉంది, కాబట్టే ఇది అంత తేలికగా పోదు. కంపెనీలో పనిచేసే మేనమామ మీకు ఉద్యోగం ఇప్పించలేకపోవచ్చు గానీ, వచ్చేవారం వాక్-ఇన్ (నేరుగా వెళ్లి హాజరయ్యే ఇంటర్వ్యూ) ఉందనీ, ఫలానా విభాగంలో ఇద్దరు మానేశారనీ ముందుగా చెప్పగలడు. అతన్ని అడగవలసింది ఆ సమాచారమే.

అపోహ: డబ్బు కడితే పని ఖాయం.

వాస్తవం: సాధారణంగా కంపెనీలు ఉద్యోగం ఇవ్వడానికి అభ్యర్థి దగ్గర డబ్బు తీసుకోవు. యూనిఫాం డిపాజిట్ అనో, ఆఫర్ లెటర్ ఛార్జీ అనో ఎవరి ఖాతాకో ఫోన్‌పే చేయమంటే అది మోసమనే భావించాలి. ఇప్పటికే పంపేసి ఉంటే సిగ్గుపడి దాచకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ సొమ్మును ఆపే అవకాశం అంత ఎక్కువ.

విదేశాల సంగతి వేరు. సోంపేట, కవిటి, కంచిలి, ఇచ్ఛాపురం ప్రాంతాల నుంచి వెల్డర్లుగా, రిగ్గర్లుగా (భారీ వస్తువులను ఎత్తి అమర్చేవారు), ఫిట్టర్లుగా గల్ఫ్‌కు వెళ్లేవారు పొలం తాకట్టు పెట్టి ఏజెంటుకు లక్షలు ఇవ్వడం వింటూనే ఉన్నాం. నమోదైన రిక్రూటింగ్ ఏజెంటు నిబంధనల ప్రకారం తీసుకోగల సేవా రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ; రెండూ కలిపి 35,400. ఇచ్చిన ప్రతి రూపాయికీ రసీదు అడగాలి. ఏజెంటు లైసెన్సు నిజమైనదో కాదో విదేశీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ వారి ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోవచ్చు. "ముందు విజిట్ వీసా మీద వెళ్లు, అక్కడ వర్క్ వీసాగా మార్పిద్దాం" అనే ఏజెంటు దగ్గర పాస్‌పోర్టు ఉంటే, మరుసటి మాట మాట్లాడే ముందే దాన్ని వెనక్కి తీసుకోండి.

అపోహ: అప్రెంటిస్‌గా చేరితే ఏడాది వృథా.

వాస్తవం: 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద శిక్షణ తర్వాత అక్కడే ఉద్యోగం ఇవ్వాలన్న నియమం సాధారణంగా లేదన్నది నిజమే. అయినా స్టైపెండు వస్తుంది, పరీక్ష నెగ్గితే జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ చేతికొస్తుంది, "అనుభవం ఉందా" అన్న ప్రశ్నకు జవాబూ దొరుకుతుంది.

గ్రూప్స్ కోసమో, పోలీసు ఉద్యోగం కోసమో విశాఖలో కోచింగు తీసుకుని మూడు నాలుగేళ్లు గడిచినవారు ఆ విరామాన్ని దాచడానికి లేని అనుభవాన్ని రెజ్యూమేలో సృష్టిస్తున్నారు. పీఎఫ్ ఖాతా చూస్తే ఆ అబద్ధం నిమిషంలో బయటపడుతుంది. ఏ పరీక్షకు చదివారో, ఎంతవరకు వెళ్లారో ఉన్నదున్నట్టు చెబితే ఎవరూ తప్పుపట్టరు. ఇక ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరు అడిగినా చూపించి, నకళ్లు ఇచ్చి, బల్ల మీద నుంచి అక్కడికక్కడే తిరిగి సంచిలో పెట్టుకోండి.